ఒక్కరి పడవ కొనేముందు: చెన్నై చుట్టుపక్కల ఎక్కడ దించాలి, ఏం చూడాలి

ఉదయం ఆరింటికి చెన్నైకి దక్షిణాన ముట్టుకాడు ఉప్పునీటి కయ్యలో దించితే ఏ పడవైనా మంచి పడవే అనిపిస్తుంది. గాలి ఉండదు, అల ఉండదు, పట్టుమని పది తెడ్లు వేసేసరికి కొనేవాళ్ల మనసు కుదిరిపోతుంది. అసలు సంగతి పదకొండు దాటాక బయటపడుతుంది. ఈశాన్య రుతుపవనాల నెలలు తప్పిస్తే, చెన్నై తీరంలో చాలా రోజులు మధ్యాహ్నం దగ్గరపడేకొద్దీ సముద్రం మీంచి తూర్పు, ఆగ్నేయ గాలి లేస్తుంది. మే, జూన్‌లో పడమటి గాలి జోరుగా ఉంటే అది ఇంకా ఆలస్యమవుతుంది. ఆ గాలిలో ముందు కొస ఎటు పోతుందో చూడకుండా డబ్బు కట్టొద్దు. పరీక్షకు స్థలాన్నీ బసనీ ఎంచుకునేటప్పుడు కూడా ఇదే లెక్క: ఒకే రోజు నిలకడ నీళ్లూ గాలి నీళ్లూ రెండూ దొరకాలి.

ముందు మార్కెట్ సంగతి. ఒక్కరి కోసమే గీసిన కనూ (పైన తెరిచి ఉండే, ఒంటి రెక్క తెడ్డుతో నడిపే పడవ), అంటే 14 నుంచి 15న్నర అడుగుల పొడవు, 28-30 అంగుళాల వెడల్పు, మధ్యకు కాస్త వెనగ్గా ఒకే సీటు ఉన్నది, మన షాపుల్లో వరసగా పేర్చి ఉండదు. సెకండ్ హ్యాండ్‌లోనో, దిగుమతిలోనో దొరకాలి. తేలిగ్గా దొరికేవి రెండు: పైన కూర్చునే ప్లాస్టిక్ కయాక్‌లు, డెకథ్లాన్ లాంటి చోట్ల అమ్మే, గాలి నింపుకునే పడవలు (గాలి పడవలు). మూడింటికీ పరీక్ష ఒకటే, చూడాల్సిన లోపాలు మాత్రం వేరు.

పొడవు ఎంత తేడా తెస్తుందో చిన్న లెక్కతో తేలుతుంది. నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే పడవ తేలిగ్గా దాటలేని వేగం నాట్లలో వస్తుంది. 9 అడుగులకు 4 నాట్లు, అంటే గంటకు ఏడున్నర కిలోమీటర్ల లోపు. 15 అడుగులకు 5.2 నాట్లు, గంటకు 9.6 కిలోమీటర్లు. రోజంతా ఆ వేగంతో ఎవరూ వెళ్లరు. కానీ గంటకు 5 కిలోమీటర్ల నడకకే పొట్టి పడవ ఎక్కువ చెమట పట్టిస్తుంది, ఎదురుగాలి ఉంటే మరీను.

ఇక స్థలాలు. ముట్టుకాడు చెన్నై సెంట్రల్ నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద సుమారు 36 కిలోమీటర్లు. తమిళనాడు పర్యాటకాభివృద్ధి సంస్థ బోట్ హౌస్ 1984 నుంచి ఇక్కడ నడుస్తోంది. కయాక్ అద్దెకిచ్చే ప్రైవేటు వాళ్లు ఈ నీళ్లలోనూ కోవళం వైపూ ఉంటారు. సొంత పడవ ఎక్కడ దించనిస్తారో మాత్రం ముందు రోజే ఫోన్‌లో అడిగి పెట్టుకోవాలి. లోతు తక్కువ. సముద్రపు మొగ దగ్గర ఇసుక మేట వేసి మూసుకుపోయినప్పుడు నీళ్లు నిలిచిపోయి వాసన కొడతాయి. వానల తర్వాత మొగ తెరుచుకుంటే వంతెన కింద ప్రవాహం గట్టిగా లాగుతుంది, పోటు పాటు మారే వేళల్లో దిశ కూడా మారుతుంది. బోట్ హౌస్ మోటారు పడవలు రేపే అలలు పరీక్షకు పనికొస్తాయి, వాటి దారిలోకి మాత్రం వెళ్లొద్దు. మొదటిసారి కొనేవాళ్లకు ముట్టుకాడే సరైన చోటు. ఒడ్డు ఎప్పుడూ దగ్గర్లో ఉంటుంది, పాత మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్)‌లో ఉండేవాళ్లకు కేళంబాక్కం మీదుగా అడ్డదారి కూడా ఉంది.

ముదలియార్‌కుప్పం ఇదే ఈసీఆర్ మీద ఇంకా దక్షిణాన, చెన్నై నుంచి 90 కిలోమీటర్ల పైచిలుకు. ఓడియూరు కాయల్ (ఉప్పునీటి కయ్య) ఒడ్డున అదే సంస్థది మరో బోట్ హౌస్ ఉంది. రద్దీ తక్కువ, నీళ్లు విశాలం, అందువల్ల గాలి అలను పెంచేంత దూరం దొరుకుతుంది. పక్కగాలి పరీక్షకు ఇది ముట్టుకాడు కంటే మెరుగు.

పులికాట్ గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తడ దగ్గర భీమునివారిపాలెం వైపు నుంచీ, తమిళనాడులో పొన్నేరి మీదుగా పళవేర్కాడు వైపు నుంచీ వెళ్లొచ్చు. కొనే పడవ పరీక్షకు మాత్రం నప్పదు. చాలా చోట్ల లోతు మీటరుకు అటూ ఇటూ ఉండే ఈ సరస్సులో గాలి లేస్తే పొట్టిగా, నిటారుగా ఉండే అలలు ఒకదాని మీద ఒకటి వస్తాయి. అడుగున బురద, గుల్లలు. గాలి పడవ చర్మం కోసుకుపోతుంది. పైగా జాలర్లు వంతుల ప్రకారం పాడు పద్ధతిలో వలలు కట్టే చోట్లున్నాయి, పక్షుల అభయారణ్యం పరిధిలో అటవీ శాఖ అనుమతి కావాలి. 2011 క్రిస్మస్ రోజున ఇక్కడే విహారానికెళ్లిన పడవ మునిగి 22 మంది చనిపోయారు. ఫ్లెమింగోలను చూడటానికి వెళ్లండి, పడవ పరీక్షకు వద్దు.

1867లో మొదలైన మద్రాస్ బోట్ క్లబ్ అడయారు నది మీద ఉన్నా, అది రోయింగ్ సంప్రదాయం: వెనక్కి తిరిగి కూర్చుని, పడవకే బిగించిన పొడవాటి తెడ్లు లాగడం. ఆ అనుభవం కనూ ఎంపికకు పెద్దగా అక్కరకు రాదు. పుళల్, చెంబరంబాక్కం తాగునీటి జలాశయాలు కాబట్టి వాటి జోలికి పోవద్దు. కోవళం సముద్రపు ఒడ్డు సర్ఫింగ్‌కు బాగుంటుంది. తెరిచిన కనూలో మొదటి అలకే నీళ్లు నిండుతాయి.

అద్దెకిచ్చేవాళ్లతో మాట్లాడేటప్పుడు ధర కంటే ముందు అడగాల్సింది, ఒక్కరి పడవ ఉందా అని. ఇద్దరి కయాక్ ఇచ్చి, వెనక సీట్లో ఒక్కరినే కూర్చోబెట్టి పంపడం మామూలే. అప్పుడు ముందు కొస గాల్లోకి లేచి పడవ గాలికి ఊరికే తిరుగుతుంది. ఆ అనుభవంతో ఏ పడవనూ తూకం వేయలేం. రెండో ప్రశ్న, గాలి లేచే వేళ దాకా ఉంచుకోనిస్తారా అని. అరగంట టిక్కెట్టు విహారానికి చాలు, కొనుగోలుకు చాలదు. లైఫ్ జాకెట్ వేసుకుని పట్టీలు బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగించుకోండి. గడ్డం దాటి లేస్తే అది మీ సైజు కాదు. తెడ్డు వేయడానికి 50 న్యూటన్ల తేలే శక్తి ఉన్న పొట్టి జాకెట్ వీలుగా ఉంటుంది, కానీ అది ఈత వచ్చినవాళ్లకే.

తెడ్డు పొడవు తప్పితే మంచి పడవ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. 75-80 సెంటీమీటర్ల వెడల్పున్న కయాక్‌కు రెండు రెక్కల తెడ్డు 230-240 సెంటీమీటర్లు ఉండాలి. అద్దె చోట అందరికీ ఒకే పొడవు ఇస్తారు, కొలుచుకోండి. కనూకు ఒంటి రెక్క తెడ్డయితే బల్ల మీద నిటారుగా కూర్చుని, బల్ల నుంచి గడ్డం, ముక్కు మధ్య వరకు వచ్చేది కాడ పొడవు. రెక్క దానికి అదనం.

నీళ్లలోకి దిగాక మొదట బరువు. కాగితం మీద లెక్క కాదు, నిజంగా మోసుకెళ్లేదంతా పెట్టండి: 5 లీటర్ల నీళ్లంటే 5 కిలోలు, సంచి, తిండి. పడవ మీద రాసిన గరిష్ఠ బరువులో మూడింట రెండు వంతుల దగ్గర ఆగితే మంచిది. కనూ అయితే నడిమి భాగంలో అంచుకూ నీటికీ మధ్య 6 అంగుళాల కంటే తగ్గకూడదు.

తర్వాత నిలకడ. చదునైన అడుగు ఉన్నది ఎక్కగానే గట్టిగా ఉంటుంది, కొత్తవాళ్లు దానికే ఓటేస్తారు. పక్కనుంచి అల వచ్చినప్పుడు ఆ అడుగు అల వాలుతో పాటే వాలుతుంది. కాస్త గుండ్రం అడుగున్నది మొదట అటూ ఇటూ ఊగుతుంది, కొంత ఒరిగాక మాత్రం నిలదొక్కుకుంటుంది. ఒడ్డుకు దగ్గర్లో, నడుము లోతు నీళ్లలో కావాలనే ఒరిగించి చూడండి. ఎక్కడ ఆగుతుందో, ఆగకుండా బోల్తా కొడుతుందో అక్కడే తెలియాలి. కనూలో సీటు మీదా మోకాళ్ల మీదా రెండు రకాలుగా కూర్చోండి. మోకరిల్లితే పాదాలు సీటు కిందికి పోతాయి కాబట్టి, వేసుకున్న చెప్పులతోనే పాదం చప్పున బయటికి వస్తోందా అన్నది ప్రాణం మీది విషయం. సీటు తక్కువ ఎత్తులో, చెప్పుల అడుగు మందంగా ఉంటే బోల్తాలో పాదం ఇరుక్కుంటుంది.

నేరుగా పోవడం ఎలా ఉందో చూడటానికి పది గట్టి తెడ్లు వేసి చెయ్యి ఆపండి. ఎంత దూరం జారింది, చివరకు ఎటు తిరిగింది? అడుగు కొసల వైపు పైకి వంగి ఉండే రాకర్ ఎక్కువైతే తొందరగా తిరుగుతుంది, నేరుగా ఉండదు. వేగం కొలవాలంటే ఫోన్ జీపీఎస్‌తో ఒకే దూరం రెండు దిక్కులా వెళ్లి సగటు తీయండి, లేకపోతే ముట్టుకాడు ప్రవాహం పడవ ఖాతాలో పడుతుంది.

గాలి లేచాక అసలు పరీక్ష. గాలికి అడ్డంగా వెళ్తుంటే చాలా పడవల ముందు కొస గాలి వైపుకే తిరుగుతుంది. కనూలో గాలి వచ్చే వైపు తెడ్డు వేస్తే కొంత సరి అవుతుంది. ఇప్పుడు 5 లీటర్ల నీళ్ల క్యాన్‌ను కాళ్ల ముందు నుంచి సీటు వెనక్కి జరిపి మళ్లీ వెళ్లండి. వెనక బరువు పెరిగితే ఆ తిరుగుడు తగ్గాలి, ఎదురుగాలిలోనైతే బరువు కాస్త ముందుండాలి. ఒక్క క్యాన్ జరిపితేనే లొంగే పడవ మంచి పడవ. ఏం జరిపినా ఒకే వైపు పది, పన్నెండు తెడ్లు వరసగా వేయాల్సి వస్తే, ఇంటికొచ్చేసరికి ఆ వైపు భుజం చెబుతుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలికి వెళ్లి, వచ్చేటప్పుడు గాలితో రావాలి. దీన్ని తిరగేసినవాళ్లే మోటారు పడవను పిలిపించుకుంటారు.

చివర్న బోల్తా. పైన కూర్చునే కయాక్‌ను తిప్పి, పొట్టతో అడ్డంగా ఎక్కి, వెల్లకిలా తిరిగి, కాళ్లు లోపలికి తెచ్చుకోవడం ఎవరి సాయమూ లేకుండా చేయగలగాలి. తెరిచిన కనూలో రెండు మూడు వందల లీటర్ల నీళ్లు నిండుతాయి. కొసల్లో గాలి సంచులు కట్టకపోతే నీటి మధ్యలో ఒక్కరే దాన్ని ఖాళీ చేయడం కష్టం. బురదలో నిలబడొద్దు, పాదం కూరుకుపోతుంది.

ఒడ్డుకొచ్చాక ప్లాస్టిక్ కయాక్ వెనక బిరడా విప్పి వంచండి. గ్లాసెడు నీళ్లు పర్లేదు, లీటర్ల కొద్దీ వస్తే నీళ్లు పోయే రంధ్రాల గొట్టాల్లోనో, ఈడ్చి ఈడ్చి అరిగిన వెనక అడుగులోనో పగులుంది. పాలిథిలిన్‌కు జిగురు అంటదు, ప్లాస్టిక్ వెల్డింగే గతి. ఫైబర్ గ్లాస్ కనూ పగులు మాత్రం చెన్నైలో తేలిగ్గా బాగవుతుంది, ఎందుకంటే తీరం పొడవునా చేపల పడవలకు ఇదే పని చేసేవాళ్లున్నారు. గాలి పడవకు ఎండే శత్రువు. పొద్దున 25 డిగ్రీల్లో 1 పీఎస్ఐ నింపి ఒడ్డున ఎండలో వదిలేస్తే, లోపలి గాలి 50 డిగ్రీలకు చేరేసరికి ఒత్తిడి 2 పీఎస్ఐ దాటగలదు. కుట్లు వదిలేది అప్పుడే. నీళ్లలోంచి తీయగానే కాస్త గాలి వదిలేయాలి.

బసకు ఒక్క రాత్రి చాలు. కోవళం, ముట్టుకాడు మధ్య రిసార్ట్‌లు వారాంతంలో ధర పెంచుతాయి, పైగా అల్పాహారం పొద్దున్నే దొరకకపోవచ్చు. మామల్లపురం లాడ్జీలు చవక, ముట్టుకాడుకు 20 కిలోమీటర్ల పైన, ముదలియార్‌కుప్పానికి సుమారు 35. గది అందం కంటే అడగాల్సినవి మూడు: పొద్దున ఐదున్నరకు గేటు తీస్తారా, పడవ పెట్టుకునే ఆవరణ ఉందా, కడగడానికి కుళాయి ఉందా. ఉప్పునీళ్లు కడగకపోతే బోల్టులు తుప్పు పడతాయి.

కొనే నిర్ణయం తీసుకున్నా అడ్వాన్స్ ఇచ్చేముందు పడవను ఒక్కరే భుజానికెత్తుకుని వంద అడుగులు నడవండి. 4 మీటర్ల లోపు కారు మీద 15 అడుగుల కనూ అర మీటరుకు పైగా బయటికి వస్తుంది. రెండు అడ్డ కడ్డీలు, రెండు పట్టీలతో పాటు ముందూ వెనకా తాళ్లు కట్టాలి, వెనక కొసకు ఎర్ర గుడ్డ. రాచెట్ పట్టీని (పళ్ల మరతో బిగించేది) అతిగా బిగిస్తే ప్లాస్టిక్ సొట్ట పడుతుంది. అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఇది పట్టదు. సెల్లార్‌లో గోడకు పక్కవాటుగా పెట్టుకోనిస్తుందో లేదో అసోసియేషన్‌ను ముందే అడగండి.