మారిషస్‌లో సౌత్ టూర్ ప్యాకేజీ వద్దు, పోర్ట్ లూయీకి ఒక పూట ఇవ్వండి

మారిషస్ వెళ్లే తెలుగువాళ్లకి ముందుగా చెప్పేది ఇదే: "సౌత్ టూర్" పేరుతో అమ్మే రోజు ప్యాకేజీ కొనకండి. మా దగ్గర కారుకి 3,500 మారిషస్ రూపాయలు తీసుకున్నారు. అక్కడి రూపాయి మన డబ్బుల్లో రెండు రూపాయలకి కాస్త తక్కువ. అగ్నిపర్వతపు గుంట, శివుడి గుడి ఉన్న గంగా తలావ్ సరస్సు, షామరెల్ రంగుల మట్టి అన్నీ చూపిస్తామన్నారు. కారు మొదట ఆగింది మాత్రం ఓడ బొమ్మల దుకాణం ముందు. అక్కడ గంట, ఆ తర్వాత వజ్రాల షాపులో ముప్పావు గంట. కొన్నా కొనకపోయినా మనుషుల్ని తెచ్చినందుకు డ్రైవరుకి కమీషన్ ఉంటుంది. గంగా తలావ్ చేరేసరికి మంచు దిగిపోయి, 33 మీటర్ల శివుడి విగ్రహం నడుము పైన కనిపించనే లేదు. షామరెల్ ఇరవై నిమిషాల్లో ముగించమన్నాడు. దర్శనం కోసమే ఇంతదూరం వచ్చిన మా పెద్దవాళ్లు తిరుగు దారిలో నోరు విప్పలేదు.

కారు తప్పదనుకుంటే ఆగాల్సిన చోట్లు, ఒక్కోచోట ఎంతసేపు, "షాపులు వద్దు" అన్న మాట ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. గంగా తలావ్ ఎత్తు మీద ఉంది, మబ్బు ఎప్పుడు దిగుతుందో చెప్పలేం. అందుకే పొద్దున్నే మొదట అక్కడికే వెళ్లాలి.

ఆ ప్యాకేజీలో లేనిది, ఈ దేశంలో తప్పక చూడాల్సినది ఆప్రవాసీ ఘాట్, అంటే భారతదేశం నుంచి వచ్చిన కూలీలని దించిన పాత డిపో. రాజధాని పోర్ట్ లూయీ రేవు పక్కనే ఉంది, టికెట్ లేదు. వారం మధ్యలో ఉదయం వెళ్తే రద్దీ ఉండదు, లోపలి మ్యూజియం నిదానంగా చదువుకోవచ్చు. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది భారతీయ కూలీలు పోర్ట్ లూయీలో దిగారు. మూడు నెలలకి, 1835 ఫిబ్రవరి 1న, దీవిలో బానిసత్వం రద్దయింది. చెరకు తోటల దొరలకి చౌకగా చేతులు కావాలి, బ్రిటిష్‌వాళ్లు వాటిని మన ఊళ్ల నుంచి తెచ్చిచ్చారు. 1920 దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది ఇలా వచ్చారు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవాళ్లు. దాన్నే డబుల్ కట్ అన్నారు. రాతి మెట్లు, వంటశాల, పెద్ద కట్టడాల్లో కొంత భాగమే మిగిలాయి. నల్లరాతి మెట్లు ఇరుగ్గా, అరిగి ఉంటాయి. ఓడ దిగిన కూలీలు వాటి మీదుగా ఎక్కేవాళ్లు.

విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్లూ అలాగే వెళ్లారు. కోరంగి రేవు పేరు మీద వాళ్లని కోరంగివాళ్లని పిలిచేవారు. ఇవాళ అక్కడ ఉగాదికి సెలవు. సింహాద్రి అప్పన్న పూజలు జరుగుతున్నాయి, బడుల్లో తెలుగు చెబుతున్నారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఈ దేశంలోనే. మీ ఇంట్లో "మారిషస్ పోయిన ముత్తాత" మాట ఉంటే, మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రికార్డులున్నాయి. ఒట్టి పేరుతో వెళ్తే వెతకడం కష్టం. అప్పట్లో ఇంటిపేరు సరిగా రాసుకోలేదు, తెలుగు పేర్లు ఇంగ్లీషు గుమాస్తాల చేతిలో రూపు మారాయి. తండ్రి పేరు, ఊరు, వచ్చిన సంవత్సరం, వీలైతే ఓడ పేరు సేకరించుకుని ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి.

భోజనం బజార్లోనే చెయ్యండి. పోర్ట్ లూయీ సెంట్రల్ మార్కెట్ దగ్గర ధాల్ పూరీ జత 40 రూపాయలకి తిన్నాం. ఉడికించి పొడి చేసిన పప్పు కూరిన పల్చటి రొట్టె, దాని మీద చిక్కుడు గింజల కూర, రుగాయ్ అనే టమాటా కూర, మిరపకాయ పచ్చడి. కాగితంలో చుట్టి ఇస్తారు, చేతికి వేడి తగులుతుంది. పక్కనే గాతో పిమాఁ ఉంటుంది, అది మన మసాలా వడే. పెద్దవాళ్లు మళ్లీ మాటల్లో పడింది ఇక్కడే.

లాడ్జి సంగతి. పడమటి తీరంలో ఒక గెస్ట్‌హౌస్‌లో రాత్రికి 55 యూరోలు, ఫొటోలో గుమ్మం ముందే ఇసుక. వెళ్లి చూస్తే రాళ్లు నింపిన ఇనుప వల గోడ, దానవతల నీళ్లు. సరుగుడు చెట్ల వేళ్లు మోకాలెత్తున బయటపడి ఉన్నాయి. దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బలే అలల జోరుని విరిచేవి. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడి చస్తున్నాయి, దిబ్బ బలహీనపడితే అల నేరుగా ఒడ్డుకొస్తుంది. ఇసుక అంచుకి ఆనించి కట్టిన గోడలు కోతని పక్క బీచ్‌కి తోస్తాయి. ఫొటోలు ఏ ఏడాదివో అడగందే గది బుక్ చెయ్యొద్దు. 2025 అక్టోబర్ నుంచి పర్యాటకుల మీద తలకి రాత్రికి 3 యూరోల రుసుము కూడా పెట్టారు, 12 ఏళ్ల లోపు పిల్లలకి లేదు. బిల్లులో దాన్ని విడిగా చూపించమనండి.

మా లెక్కలో బస ఆగ్నేయ తీరంలోని మహేబూర్‌లో చెయ్యడం మేలు. ఎయిర్‌పోర్ట్‌కి దగ్గర, సోమవారం సంత ఉంటుంది, బ్లూ బే బీచ్ పక్కనే. ఇక్కడికి దగ్గర్లోనే 2020 జూలై 25న వకాషియో ఓడ దిబ్బ మీద ఎక్కింది, సుమారు 1,000 టన్నుల ఇంధనం కారింది. స్థానికులు బట్ట సంచుల్లో చెరకు ఆకు కూరి తేలే కట్టలు కుట్టి నీళ్లలో వేశారు. ఇంత చిన్న దేశంలో టూరిజం, చేపలు రెండూ ఒకే సముద్రం మీద ఆధారపడితే, రెంటినీ దెబ్బతియ్యడానికి ఒక్క ఓడ చాలు. అందుకే బ్లూ బేలో గాజు అడుగు పడవ ఎక్కినప్పుడు, పగడాల మీద లంగరు వేసేవాడి పడవ ఎక్కకండి. నీళ్లలో తేలే బోయాకి కట్టేవాడినే ఎంచుకోండి.

ఊళ్లవైపు బస్సులు సాయంత్రం ఆరు దాటితే తగ్గిపోతాయి. నవంబర్ నుంచి మే మధ్య వరకు తుఫాన్ల కాలం. హెచ్చరికలు నాలుగు క్లాసులు. రెండో క్లాస్ ప్రకటించగానే నీళ్లు, తిండి కొనుక్కోండి. మూడో క్లాస్ వచ్చాక బస్సులు, దుకాణాలు ఆగుతాయి. ఆ నెలల్లో వెళ్లక తప్పకపోతే, తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే తీసుకోండి.