గిటార్ పక్కన పెట్టిన రేడియోహెడ్: ‘కిడ్ ఏ’

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ వాళ్ళ ‘ఓకే కంప్యూటర్’ క్యాసెట్‌ని అరిగిపోయేదాకా విన్నవాణ్ణి నేను. వాళ్ళ గిటారిస్ట్ జానీ గ్రీన్‌వుడ్ వాయింపు కోసమే ఒక్కో పాటని పదేసి సార్లు వెనక్కి తిప్పేవాణ్ణి. ఆ ఆల్బమ్ 1997లో వచ్చింది. మూడేళ్ళ తర్వాత, 2000 అక్టోబర్‌లో ‘కిడ్ ఏ’ విడుదలైంది. మరుసటి ఏడాది హాస్టల్ రూమ్‌లో ఆ సీడీ పెట్టుకుని కూర్చుంటే నా ప్రాణం ఉసూరుమంది. మొదటి పాటలో గిటారే లేదు. ఒక ప్రాఫెట్-5 సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు), దాని మీద ముక్కలు ముక్కలుగా కోసి అతికించిన గాయకుడు థామ్ యార్క్ గొంతు, అంతే. “సీడీ గీతలు పడిందేమో చూడరా” అన్నాడు రూమ్మేట్.

ఇన్నేళ్ళుగా వింటూ వస్తున్నాను కాబట్టి చెప్తున్నా. ఇది రాక్ మానేసిన ఆల్బమ్ కాదు. ఎవరి వాయిద్యం మీద వాళ్ళకున్న హక్కుని ఐదుగురూ వదులుకుని చేసిన ఆల్బమ్. ‘ద నేషనల్ ఆంథెమ్’లో ఆ మొండి బేస్ గిటార్ వాయించింది బేసిస్ట్ కోలిన్ కాదు, థామ్. ‘ఇడియోటెక్’లో ఫిల్ సెల్వే డ్రమ్స్ బదులు మెషీన్ దరువు నడుస్తుంది. దాని కింద తిరిగే నాలుగు కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) అమెరికన్ స్వరకర్త పాల్ లాన్‌స్కీ 1973లో కంప్యూటర్ మీద చేసిన సంగీతం నుంచి తీసుకున్నవి. అంత చల్లటి శబ్దాల మధ్య థామ్ ఊపిరి అందనట్టు పాడుతుంటే నాకు ఇప్పటికీ అరచేతులు చెమర్చుతాయి.

నా ప్రాణం మాత్రం నాలుగో పాట, ‘హౌ టు డిసపియర్ కంప్లీట్లీ’. అకౌస్టిక్ గిటార్ ఒకటే తీరులో మోగుతుంటుంది. వెనకాల వయొలిన్‌ల బృందం, ఆ బృందం పైన ఓండ్ మార్తనో. అది 1928 నాటి ఫ్రెంచి వాయిద్యం. వేలికి ఉంగరం తొడుక్కుని తీగ వెంబడి లాగితే స్వరం తెగకుండా జారుతుంది. వీణ మీద జారు విన్న చెవికి ఇది వెంటనే పట్టుబడుతుంది. గిటార్‌కి పేరు మోసిన జానీయే దాన్ని వాయించాడు. చివర్లో వయొలిన్‌లన్నీ శ్రుతి చెదిరినట్టు ఒకదానిమీదొకటి పడిపోయి, మళ్ళీ సర్దుకుంటాయి. ఆ పది పన్నెండు సెకన్ల కోసం సీడీ కొనొచ్చు.

అన్నీ ఒకే ఎత్తులో లేవు. ‘ట్రీఫింగర్స్’ నాకు సాగతీతే. ‘ఇన్ లింబో’ ఎన్నిసార్లు విన్నా గుర్తుండదు. పాత రేడియోహెడ్ కావాలనుకునేవాళ్ళు ‘ఆప్టిమిస్టిక్’తో మొదలుపెట్టొచ్చు. కానీ పాటలు విడివిడిగా ఏరుకోకుండా వరసలో వినమనే నా మాట. మొత్తం 50 నిమిషాలు కూడా లేదు. ఫోన్ స్పీకర్లో వద్దు, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

చివరి పాట ‘మోషన్ పిక్చర్ సౌండ్‌ట్రాక్’ గురించి చెప్పి తీరాలి. ఒక సంక్రాంతికి తెనాలిలో మా ఇంట్లో అది పెట్టుకుని వింటున్నాను. మా పెదనాన్న పద్యనాటకాలకి హార్మోనియం వాయించినాయన. వసారాలోంచి లేచి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు.

“ఒరేయ్, ఇది కాళ్ళ హార్మోనియం రా. తిత్తిలోకి గాలెక్కడం వినపడట్లా?”

నిజమే, అది కాళ్ళతో తొక్కే ఆర్గనే. నేను అంతవరకూ దాన్ని ఇంకో కీబోర్డు అనుకున్నాను. పాట ఎవరిదని గానీ, ఏం పాడుతున్నాడని గానీ ఆయన అడగలేదు. “మళ్ళీ పెట్టు” అన్నారు. హార్ప్ తీగలు జలజలా రాలే చోట ఆయన కుడికాలు గచ్చు మీద మెల్లగా తొక్కుతోంది.

మూడు నిమిషాలు దాటాక ఆ పాట అయిపోతుంది. అప్పుడే సీడీ తీసేయకండి. కాసేపు ఏమీ వినపడదు, తర్వాత అల లాంటి శబ్దం ఒకటి పొంగి పోతుంది. పెదనాన్న ఆ అల వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డారు.