తర్వాతి బోటుగా పైలట్‌హౌస్: నిదానంగా తిరగడానికి, చేపల వేటకు ఎంతవరకు పనికొస్తుంది?

22 నుంచి 26 అడుగుల పొడవు, ముందువైపు తలుపు వేసుకోగల క్యాబిన్, వెనక తెరిచిన డెక్కు, అమరానికి, అంటే బోటు వెనక కొసకు, బయట బిగించిన ఒక్క అవుట్‌బోర్డ్ ఇంజన్. పైలట్‌హౌస్ బోటంటే ఇంతే. మొదట కొన్న ఓపెన్ బోటులో ఎండకు మాడి, వానకు తడిసి, ఇక కాస్త నీడ కావాలనుకున్నవాళ్లు ఎక్కువగా చూసేది దీనివైపే. తీర్పు ముందే చెప్పేస్తాం. తీరం కనిపించే దూరంలో రోజుకు 30, 40 నాటికల్ మైళ్లు తిరుగుతూ, మధ్యలో ఇంజన్ ఆపి గాలాలు వేసి, రాత్రికి ఏ మొగ (నది సముద్రంలో కలిసే చోటు) లోపలో లంగరు దించి పడుకునేవాళ్లకు ఈ సైజులో ఇంతకన్నా పనికొచ్చే బోటు లేదు. 25 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) పైన దూసుకుపోవాలనుకునేవాళ్లు మాత్రం దీంతో రోజూ పోట్లాడాల్సిందే.

బ్రోచరులో మొదట చూడాల్సింది సీట్లూ కాదు, స్క్రీన్లూ కాదు, డెడ్‌రైజ్ అనే కోణం. బోటు అడుగు అమరం దగ్గర ఎంత వాలుగా ఉందో అది చెబుతుంది. 20 నుంచి 24 డిగ్రీలుంటే డీప్ వీ అంటారు. అమెరికా బోటు డిజైనర్ రే హంట్ గీసిన ఈ ఆకారానికి పేరు తెచ్చింది 1960 మయామీ–నసావు మోటారు బోట్ల పందెం. అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలో మాపీ అనే బోటు ఆ పందెం గెలిచాక అందరూ డీప్ వీ వెంటే పడ్డారు. కానీ అది వేగానికి సరిపడే అడుగు. వేగంగా వెళ్తున్నప్పుడు అలను కోసుకుంటూ పోతుంది. ఇంజన్ ఆపి గాలం వేశారా, ఉయ్యాలలా ఇటూ అటూ దొర్లుతూనే ఉంటుంది. పైగా నీటి మీదికి లేవడానికి ఎక్కువ హార్స్‌పవర్ అడుగుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు కొసన సీ-డోరీ 22 లాంటి బోట్లున్నాయి. అమరం దగ్గర వాటి అడుగు దాదాపు బల్లపరుపు. 90 హార్స్‌పవర్ ఇంజన్‌తోనే హాయిగా నడుస్తాయి, నిలబడితే ఒరగవు, పెట్రోలు తక్కువ తాగుతాయి. పొట్టి అలలు దగ్గర దగ్గరగా వచ్చే చోట వేగం తగ్గించకపోతే మాత్రం ప్రతి అలకూ అడుగు దబ్బున కొట్టుకుని నడుం విరిచేస్తుంది. ట్రిమ్ ట్యాబులు (అమరం కింద పైకీ కిందికీ కదిలే రెండు పలకలు) దించి, ముక్కు కిందికి నొక్కి, 10, 12 నాట్లకు దిగితే ఆ దెబ్బ చాలావరకు తగ్గుతుంది. వేట, విహారం రెండూ కావాలంటే మేం చూడమనేది 14 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండి, పక్క అంచు గట్టిగా మడత తిరిగిన అడుగు. ఆ అంచే నిలకడగా ఉన్నప్పుడు ఒరుగుడును ఆపుతుంది.

పైలట్‌హౌస్‌కు సొంతంగా ఉన్న జబ్బులు రెండు. మొదటిది గాలి. ముందు భాగంలో నిలువుగా నిలబడ్డ ఆ గది తెరచాపలా పనిచేస్తుంది. ఇంజన్ ఆపగానే గాలి అణియాన్ని, అంటే ముక్కును, పక్కకు తోసేస్తుంది. వెనక నీళ్లలో ఇంజన్ కాలు ఉంది కాబట్టి అమరం కదలదు. రెండు నిమిషాల్లో బోటు వీపు గాలికి తిరుగుతుంది, అలలు నేరుగా మీరు గాలం పట్టుకుని నిలబడ్డ చోటికే తగులుతాయి. దీనికి మందు, అణియం దగ్గరి క్లీటుకు (తాడు కట్టే కొమ్ముకు) కట్టి నీళ్లలోకి వదిలే మీటరు వెడల్పు గుడ్డ సంచి, సీ యాంకర్. ముక్కు గాలికి ఎదురుగా నిలుస్తుంది, కొట్టుకుపోయే వేగమూ తగ్గుతుంది. దాన్ని వెనక్కి లాగే సన్న తాడు వేరే ఉండాలి. లేకపోతే నీళ్లు నిండిన ఆ సంచిని పైకి లాగేసరికి భుజాలు పడిపోతాయి.

రెండో జబ్బు, వెనక నుంచి వచ్చే అల. క్యాబిన్ బరువంతా ముందే ఉంది కాబట్టి అల దిగేటప్పుడు ముక్కు నీళ్లలో గుచ్చుకుని, అమరం పక్కకు జారబోతుంది. అలాంటప్పుడు ట్యాబులు పూర్తిగా పైకెత్తాలి, ఇంజన్‌ను కాస్త పైకి ట్రిమ్ చేయాలి (దాని కాలును వెనక్కి వంచాలి), ముందున్న అల వీపు మీదే ఉండేలా థ్రాటిల్ సర్దుకోవాలి. కొనే ముందు ట్రయల్‌లో ఈ పరీక్ష చేసేవాళ్లు తక్కువ. అమ్మేవాడు ఎదురు అలలోకే తీసుకెళ్తాడు. వచ్చే దారిలో స్టీరింగు మీరే పట్టుకోండి.

ఇంజన్ విషయానికొస్తే, ఈ సైజుకు 115 నుంచి 200 హార్స్‌పవర్ మధ్య సరిపోతుంది. ఫోర్ స్ట్రోక్ పెట్రోలు ఇంజన్ పూర్తి థ్రాటిల్‌లో గంటకు తాగే లీటర్లు సుమారుగా రావాలంటే హార్స్‌పవర్‌ను 0.38తో గుణించండి. 150 అయితే 57 లీటర్లు. అదే బోటు 15 నాట్ల దగ్గర 25 లీటర్ల చుట్టూ ఉంటుంది. ఇంకా తగ్గించి 6 నాట్లకు వస్తే 7 లీటర్ల దాకా పడిపోతుంది. నీటి మీదికి లేవకుండా నడిచే వేగానికి ఒక హద్దుంది. నీటిని తాకే పొడవు అడుగుల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వస్తుంది. 22 అడుగులకు అది 6.3 నాట్లు. అన్నిటికన్నా చెడ్డది 8 నుంచి 12 నాట్ల మధ్య. బోటు పూర్తిగా లేవదు, కిందా ఉండదు, ముక్కు పైకెత్తుకుని తన అలనే తాను ఎక్కుతూ ఉంటుంది. ముందు ఏముందో కనిపించదు, పెట్రోలు మాత్రం కారిపోతుంది. అడుగు బల్లపరుపుగా ఉన్న బోట్లకు, ట్యాబులు సరిగ్గా వాడేవాళ్లకు ఈ ఇబ్బంది చాలా తక్కువ.

ట్యాంకు 300 లీటర్లయితే లెక్క 200కే వేసుకోవాలి. పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, మిగిలింది ముట్టకూడదు. 15 నాట్ల దగ్గర ఆ 200 లీటర్లకు 120 నాటికల్ మైళ్లు, 6 నాట్లకు 170 నాటికల్ మైళ్లు వస్తాయి. ఈ రెండు అంకెలు చూశాక చాలామందికి డీజిల్ గుర్తొస్తుంది. 1980లో వచ్చిన నార్డిక్ టగ్ 26 తరహాలో లోపల ఒక్క డీజిల్ ఇంజన్, కింద కీల్ (అడుగున పొడవునా ఉండే వెన్ను) ఉన్న బోటు నిదానపు ప్రయాణానికి గొప్పగా ఉంటుంది. ఆ కీలే, అంటే ఆ వెన్నే, ప్రొపెల్లర్‌కు కాపలా. వేటకు మాత్రం అవుట్‌బోర్డే నయం. ఇంజన్ మొత్తం డెక్కు బయట ఉంటుంది, తాడు చుట్టుకుంటే కాలు పైకెత్తి తీసేయొచ్చు, లోతు లేని చోటికి నెమ్మదిగా పోవచ్చు.

ట్రయల్‌లో తప్పకుండా చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ట్యాంకు నింపి, మీరు తీసుకెళ్లే మనుషులనే ఎక్కించి, ఐసు పెట్టెల బరువు కూడా వేసి పూర్తి థ్రాటిల్ ఇవ్వండి. 5000–6000 ఆర్‌పీఎం అని రాసున్న ఇంజన్ కనీసం 5600 అందుకోవాలి. 4900 దగ్గరే ఆగిపోతే ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకు అది ముందుకు తోసే దూరం) ఎక్కువైనట్టు. ఒక్కో అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. తెలియక అలాగే నడిపితే ఇంజన్ ఎప్పుడూ ఎత్తు ఎక్కుతున్న లారీలా మూలుగుతూ తొందరగా అరిగిపోతుంది. ఖాళీ ట్యాంకుతో, ఇద్దరితో చేసే ట్రయల్‌లో ఈ సంగతి బయటపడదు.

డెక్కు దగ్గర మాకు ఖరీదైన రాడ్ హోల్డర్లకన్నా మూడు చిన్న విషయాలు ముఖ్యం. పక్క గోడ ఎత్తు తొడ మధ్యకు, అంటే 70 సెంటీమీటర్ల దాకా రావాలి. మోకాలి దగ్గర ఆగిపోయే గోడ పెద్ద చేప లాగేటప్పుడు మనిషినే బయటికి తిప్పేస్తుంది. గోడ కింద పాదం దూరే సందు ఉండాలి. అది లేకపోతే ఒళ్లు వెనక్కి పడిపోతూ ఉంటుంది. మూడోది నీళ్లు పోయే రంధ్రాలు. బోటు కట్టి ఉన్నప్పుడే నలుగురిని అమరం మూలల్లో నిలబెట్టండి. రంధ్రాల నుంచి నీళ్లు లోపలికొచ్చి పాదాలు తడిస్తే, ఆ డెక్కు తనంతట తాను ఖాళీ అవుతుందన్న మాట కాగితం మీదిదే. చేపల పెట్టె నీరు బిల్జిలోకి (డెక్కు కింద బోటు అట్టడుగుకు) కాకుండా నేరుగా బయటికి పోతోందో లేదో కూడా చూడండి. బిల్జిలోకి పోతే ఆ వాసన ఎంత కడిగినా వదలదు.

క్యాబిన్‌లో స్టీరింగు పక్కనే తలుపుండటం చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒంటరిగా జెట్టీకి చేర్చేటప్పుడు దాని విలువ తెలుస్తుంది: థ్రాటిల్ వదిలి ఒక్క అడుగు వేస్తే తాడు చేతిలో ఉంటుంది. జానో మెర్రీ ఫిషర్ 795లో ఇది జారే తలుపుగా ఉంది. పడక పొడవు కొలత టేపుతో చూడటం కాదు, పడుకునే చూడండి. ముక్కు వైపు సన్నబడే చోట ఇద్దరి పాదాలకూ జాగా ఉండదు. వెనక తలుపు తీసి నడిపితే క్యాబిన్ వెనక గాలి సుడి తిరిగి ఇంజన్ పొగను లోపలికి లాగుతుంది. ముందున్న హ్యాచ్ (పైకప్పు మూత) కూడా తెరవాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోవాలి. ఈ రెంటిలో రాజీ పడొద్దు.

యూరప్ ప్రమాణాల ప్రకారం కట్టిన బోటుకు ఒక ప్లేటు ఉంటుంది. దాని మీద C రకమని ఉంటే 2 మీటర్ల అలలు, బోఫోర్ట్ గాలి కొలమానంలో 6వ స్థాయి గాలి వరకు. B అంటే 4 మీటర్లు, 8వ స్థాయి వరకు. ఒకే బోటుకు రెండూ రాసి, Bలో మాత్రం మనుషుల సంఖ్య తగ్గించి ఉండొచ్చు. ఆ చిన్న అంకె చదవండి.

పవర్ కాటమరాన్లు (పక్కపక్కన రెండు అడుగులున్న మోటారు బోట్లు) కూడా ఇదే ధరలో ఎదురవుతాయి. నిలబడితే బల్లలా ఉంటాయి, నిజమే. కానీ రెండు ఇంజన్ల ఖర్చు, బరువు ఎక్కువేస్తే మధ్య సొరంగంలో అల కొట్టే దెబ్బ చూసుకుని దిగాలి.

పాతది కొంటుంటే ప్లాస్టిక్ సుత్తి తీసుకెళ్లండి. అమరం పలకను అరచేతి దూరంలో కొడుతూ రండి. గట్టి చోట టక్కుమంటుంది, లోపలి చెక్క కుళ్లిన చోట దబ్ దబ్‌మంటుంది. ఇంజన్ బోల్టుల చుట్టూ, ట్యాబుల మరల దగ్గర ఎక్కువసేపు కొట్టండి. నీళ్లు దిగేది అక్కడి నుంచే. తర్వాత ఇంజన్ కాలి అడుగున ఉన్న ఆయిల్ స్క్రూ కాస్త వదులు చేసి నాలుగు చుక్కలు రానివ్వండి. తేనె రంగో, నలుపో ఫరవాలేదు. పాలు కలిపిన టీలా ఉంటే సీలు పోయి నీళ్లు చేరాయి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్‌లో (లోపలి ఒత్తిడిలో) తేడా పది శాతం దాటకూడదు. డెక్కు కింద ఫోములో పాతిపెట్టిన అల్యూమినియం ట్యాంకుంటే ఇంకో మాట. ఫోము తడి పట్టుకుని ట్యాంకును బయటి నుంచి చిల్లులు పడేలా తినేస్తుంది, మార్చాలంటే డెక్కు కోయాలి. తనిఖీ మూత తీసి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. పెట్రోలు వాసన తగిలితే బేరం అక్కడే ఆపి, డెక్కు కోతకు ఎంతవుతుందో అడిగాకే ధర మాట్లాడండి.