అమ్మ పడిపోయాక కొన్న వస్తువులు: మూడేళ్లు వాడి చెబుతున్నా

మూడేళ్ల కిందట ఒక రాత్రి మా అమ్మ మంచం దిగి బాత్రూమ్‌కి వెళ్తూ గడప దగ్గర పడిపోయింది. పక్క గదిలో ఉన్నా మాకెవరికీ వినపడలేదు. గంటన్నర తర్వాత నేను మంచినీళ్ల కోసం లేస్తే, చల్లటి నేల మీద ఒక పక్కకి ఒరిగి, పిలిచి పిలిచి గొంతు పోయి కనిపించింది. కంగారులో నేనూ తమ్ముడూ చంకల కింద చేతులేసి ఒక్క ఊపున లేపేశాం. మణికట్టు విరిగిందని అప్పుడు తెలీదు. అమ్మ పెట్టిన కేక ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ నెలలో ఎవరు ఏది చెబితే అది కొన్నాం. వాటిలో ఏది నిలబడిందో, ఏది మూలన పడిందో రాస్తున్నా.

బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీల సంగతి ముందు. గోడకి చిల్లులు పడవు కదా అని మొదట వాక్యూమ్ కప్పులతో అతుక్కునేవి తెచ్చాం. దయచేసి ఆ పని చేయకండి. రెండు నెలలు రాయిలా ఉంది, తర్వాత ఒకరోజు టైల్స్ తుడుస్తూ నేను పట్టుకుంటే అలాగే చేతిలోకి ఊడొచ్చింది. కప్పు అంచు రెండు టైల్స్ మధ్య గీత మీద పడినా, వెనక కొద్దిగా గాలి చేరినా పట్టు వదిలేస్తుంది, అదీ ముందు ఏ సూచనా లేకుండా. ఆ చెయ్యి అమ్మదై ఉంటే? ఆ రోజే తీసేసి, గోడకి డ్రిల్ చేసి స్క్రూలతో బిగించే స్టీల్ కడ్డీలు పెట్టించాం. ఎంత ఎత్తులో పెట్టాలో కొలతల పట్టీ చూసి తేల్చలేదు. అమ్మని కమోడ్ మీద కూర్చోమని, లేచేటప్పుడు చెయ్యి తనంతట తాను ఎక్కడికి పోతుందో చూసి అక్కడ పెన్సిల్‌తో గీత గీశాం. మూడేళ్లలో ఒక్క స్క్రూ కూడా కదల్లేదు. అంతకుముందు అమ్మ టవల్ రాడ్ పట్టుకుని లేచేది, అది టవల్ బరువుకి చేసిందే తప్ప మనిషి బరువుకి కాదు. అన్నిటిలో ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి.

లోపల వేసే రబ్బరు మ్యాట్ మంచిదే, కానీ కింద సబ్బు జిగురు పేరుకుంటే అదే జారుతుంది, అందుకని వారానికోసారి ఎత్తి కడిగి ఆరబెడుతున్నాం. గుమ్మం ముందు గుడ్డ పట్టాలు మొత్తం తీసేశాం. మనిషి కదిలితే వెలిగే చిన్న లైటు మంచం కింద ఒకటి, దారిలో ఒకటి పెట్టాం, చీకట్లో స్విచ్ కోసం తడుముకోవడం పోయింది.

ఇక పడిపోతే ఫోన్ చేసే వాచీ. యాపిల్ వాచీల్లో 2018లో వచ్చిన సిరీస్ 4 నుంచి ఈ సౌకర్యం ఉంది, మేం కొన్నది వేరే కంపెనీది. దీని మీద నా అభిప్రాయం రెండు రకాలుగా ఉంది. గట్టిగా ఒక్కసారి పడితే పట్టుకుంటుంది. మంచం అంచు నుంచి మెల్లగా జారి కింద కూర్చుండిపోతే పట్టుకోదు, మా ఇంట్లో అలా ఒకసారి జరిగింది, వాచీ మౌనంగా ఉండిపోయింది. చప్పట్లు కొట్టినప్పుడు మాత్రం రెండుసార్లు అలారం మోగించి అందరికీ టెన్షన్ పెట్టింది. పైగా మొదట్లో రాత్రిళ్లు చార్జింగ్‌కి పెట్టేవాళ్లం. అమ్మ పడింది రాత్రే కదా! ఇప్పుడు సాయంత్రం మా కళ్లెదుట కూర్చుని ఉన్నప్పుడే చార్జింగ్, రాత్రీ స్నానానికీ చేతికే. ఉంచుకోండి, కానీ అది పడకుండా ఆపదు, నేల మీద పడి ఉండే సమయాన్ని తగ్గిస్తుంది. అది చిన్న విషయం కాదు. గంట దాటి అలాగే పడి ఉంటే కండరాలు నలిగి కిడ్నీల దాకా దెబ్బ తగలొచ్చని ఆ రోజు డాక్టరు చెబితే గానీ మాకు తెలీలేదు.

నాలుగు కాళ్ల చేతికర్ర ఆరు నెలలు తప్పు చేతిలో వాడింది. నొప్పి ఉన్న మోకాలు కుడిది, కర్ర కూడా కుడి చేతిలోనే. ఫిజియోథెరపిస్టు చూసి ఎడమ చేతికి మార్చారు, చెయ్యి కిందికి వదిలేస్తే పిడి మణికట్టు గీత దగ్గరికి రావాలని ఎత్తు కూడా తగ్గించారు. నడక ఆ రోజే మారింది. కింది రబ్బరు బుడిపెలు అరిగితే వెంటనే మార్చండి.

కొన్నవన్నీ ఒక ఎత్తు, డాక్టరు చేసిన ఒక్క పరీక్ష ఒక ఎత్తు. పడుకోబెట్టి బీపీ చూశారు, నిలబెట్టి ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్లీ చూశారు. పై అంకె 20 కంటే ఎక్కువ పడిపోయింది. అందుకే రాత్రి లేవగానే కళ్లు తిరిగేవి, గడపది తప్పేం కాదు. బీపీ మాత్ర మోతాదు మార్చి, నిద్రమాత్ర మెల్లమెల్లగా మాన్పించారు. ఇప్పుడు అమ్మ మంచం అంచున కాసేపు కూర్చుని, పాదాలు పైకీ కిందికీ పదిసార్లు ఆడించి అప్పుడు లేస్తుంది. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, అన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి.

పోయిన ఏడాది మళ్లీ పడింది, ఈసారి పగలు. మేం లేపలేదు. నేను పక్కన నేల మీద కూర్చున్నా. ఎక్కడ నొప్పి, మెడ నొప్పి ఉందా, కాళ్లు కదులుతున్నాయా అని అడిగా, ఒక కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగిందేమో చూశా. అలా ఉంటే తుంటి విరిగిందనుకోవాలి, కదపకుండా అంబులెన్స్ పిలవాలి. అలాంటిదేమీ లేదు. రెండు నిమిషాలు పడుకోనిచ్చి పక్కకి తిరగమన్నా, తర్వాత మోచేతుల మీద లేచి, మడత పెట్టిన దుప్పటి మీద మోకాళ్ల మీదికి వచ్చింది. ఎదురుగా కుర్చీ పెట్టి జరగకుండా తమ్ముడు పట్టుకున్నాడు. రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, బలమున్న ఎడమ పాదం ముందుకేసి తనే లేచింది. వెనక నేను పెట్టిన రెండో కుర్చీలో కూర్చుని, "నేనే లేచానురా" అంది. ఆ మాట అనేటప్పుడు అమ్మ మొహం చూడాలి.

తల బీరువాకి తగిలింది, ఏమీ లేదంది. కానీ అమ్మ రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంది, అందుకని అదే గంటలో స్కానింగ్‌కి తీసుకెళ్లాం. అందులో ఏమీ లేకపోయినా, కొన్ని వారాలపాటు తలనొప్పి, మగత, మాట తడబడడం, వాంతులు కనిపిస్తే వెంటనే రమ్మన్నారు. క్యాలెండర్ మీద ఆ తేదీ రాసుకుని ఆరు వారాలు గమనించాం.

రోజూ పొద్దున చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేయిస్తున్నాం. మొదట్లో మూడుసార్లకే ఆయాసపడేది, ఇప్పుడు పది చేస్తుంది. నెలకోసారి నేల మీంచి లేవడం కూడా ప్రాక్టీస్, దుప్పటి, రెండు కుర్చీలతో సహా.