విత్తనాల ఫీల్డ్ టీమ్‌కు గూగుల్ క్యాలెండర్: చాలా సీజన్లు వాడాక నా మాట

హన్మకొండ ఆఫీసులో ఉండి పత్తి, మిర్చి, మక్క విత్తనాల ఫీల్డ్ టీమ్‌ను చూసుకుంటాను. మా ఏరియా ఇటు జనగామ నుంచి అటు భూపాలపల్లి దాకా, కింద మహబూబాబాద్ దాకా. డెమో ప్లాట్లు (మా విత్తనం ఎలా పండుతుందో చూపించడానికి రైతు పొలంలో వేసేవి), రైతు సమావేశాలు, డీలర్ల దగ్గర కలెక్షన్, మొలక రాలేదని ఫోనొస్తే పొలం చూసి రావడం, పనులన్నీ ఊళ్ళ మీదే. ఎవరు ఏ రోజు ఎక్కడుంటారో తెలియకపోతే ఒకే డీలర్ దగ్గరికి ఒకే పొద్దున ఇద్దరు పోతారు, పని మానుకొని ఎదురు చూసే రైతు దగ్గరికి ఒక్కరూ పోరు. వాట్సాప్ గ్రూప్‌లో ప్లాన్ పెడితే మధ్యాహ్నానికి గుడ్ మార్నింగ్ ఫొటోల కింద పడిపోయేది. అందుకే గూగుల్ క్యాలెండర్‌కు వచ్చాం. అప్పటి నుంచి అదే నడుస్తోంది.

తేల్చి చెప్పాల్సింది ముందే చెబుతా. ఎవరు ఎక్కడికి పోవాలో చూపించడంలో దీనికి వంక పెట్టలేను. పోయారా, పోయి ఏం చేశారు అనేది మాత్రం ఇది చెప్పదు. ఆ పని కూడా ఇదే చేస్తుందనుకొని తీసుకుంటే నిరాశే.

మామూలు జీమెయిల్ చాలు, పైసా కట్టేది లేదు. మొదటి సెటప్ మాత్రం కంప్యూటర్ ముందు కూర్చొని చేసుకుంటేనే సుఖం. ఒక్కొక్కరికి ఒక క్యాలెండర్, డెమో ప్లాట్లకు ఒకటి, పండుగలు-జాతరలకు ఒకటి పెట్టాను. షేర్ చేసేటప్పుడు నాలుగు రకాల అనుమతులు ఉంటాయి: ఖాళీగా ఉన్నారా లేదా అంతవరకే కనిపించేది, వివరాలన్నీ కనిపించేది, మార్పులు చేయగలిగేది, ఇంకొకరికి షేర్ కూడా చేయగలిగేది. ఎవరి క్యాలెండర్ వాళ్ళే మార్చుకోవాలి, మిగతావాళ్ళు చూడాలి. డెమో ప్లాట్లది నేను, అగ్రానమిస్ట్ (పంటల నిపుణుడు) మాత్రమే ముట్టుకుంటాం. ఎవరైనా పొరపాటున ఏదైనా చెరిపేసినా కంప్యూటర్‌లో ట్రాష్‌లో 30 రోజుల దాకా దొరుకుతుంది.

రంగుల సంగతి చాలామందికి తెలియదు. క్యాలెండర్‌కు మనం పెట్టుకున్న రంగు మన ఫోన్‌కే పరిమితం. నాకు పచ్చగా కనిపించేది నర్సంపేట పిలగాని ఫోన్‌లో నీలంగా ఉండొచ్చు. కాబట్టి ఫోన్‌లో "పచ్చది చూడు" అంటే లాభం లేదు, పేరు పెట్టి చెప్పాలి.

పేరు పెట్టడంలోనే సగం పని ఉంది. ఫోన్‌లో నెల మొత్తం చూసేటప్పుడు ఒక్కో గడిలో నాలుగైదు అక్షరాలకు మించి కనపడవు. "రైతు సమావేశం - నడికూడ" అని రాస్తే గడిలో "రైతు" ఒక్కటే మిగులుతుంది, నెలంతా రైతు, రైతు, రైతు. మేం ఊరి పేరు ముందు రాస్తాం: "నడికూడ పత్తి 45". అంటే నడికూడలో పత్తి డెమో, గింజ పెట్టిన 45వ రోజు. తెలుగులో రాసినా వెతికితే దొరుకుతుంది.

లొకేషన్ గడి నింపడం మా దగ్గర తప్పనిసరి, ఎందుకంటే దాన్ని నొక్కితే నేరుగా మ్యాప్స్‌కు పోతుంది. ఊరి పేరు ఒక్కటే కొడితే మాత్రం ఎక్కడికో తీసుకుపోతుంది. ఆత్మకూరు మనకు హన్మకొండ జిల్లాలో ఉంది, వనపర్తి జిల్లాలోనూ ఉంది, సూర్యాపేటలోనూ ఉంది. చిట్యాల భూపాలపల్లి వైపు ఒకటి, నల్లగొండ వైపు ఒకటి. ఖానాపూర్ వరంగల్ జిల్లాలో ఉంది, నిర్మల్‌లోనూ ఉంది. కొత్తగా చేరినవాళ్ళకు నేను మొదటి రోజే చెప్పేది ఇదే: ఊరు, మండలం, జిల్లా మూడూ రాయండి. వీలైతే మొదటిసారి పొలం గట్టు మీద నిలబడి పిన్ తీసుకొని ఆ లింక్ పెట్టండి.

ఇక డెమో ప్లాట్లు. దీని బలమూ బలహీనతా రెండూ బయటపడేది ఇక్కడే. పత్తి డెమోకు అన్ని విజిట్లూ గింజ పెట్టిన రోజు నుంచి లెక్క. 20వ రోజు మొక్కల లెక్క చూడాలి, 45వ రోజుకు గులాబీ పురుగు కోసం లింగాకర్షక బుట్టలు (మగ పురుగులను వాసనతో రప్పించి పట్టేవి) పెట్టించాలి, ఆ తర్వాత పూత, కాయ, మొదటి ఏరుడు. కానీ గింజ పెట్టే రోజు మన చేతిలో ఉండదు. కనీసం 60-70 మిల్లీమీటర్ల వాన పడి నేల పదునైతే తప్ప పెట్టొద్దని శాస్త్రవేత్తలు ఏటా చెబుతారు. మిర్గం కార్తె జూన్ రెండో వారంలో వచ్చినా వాన రావాలి కదా. గింజ పెట్టడం పది రోజులు ఆలస్యమైతే ఆ తర్వాతి విజిట్ల తేదీలన్నీ పది రోజులు వెనక్కి జరపాలి. ఒక ఈవెంట్ ఇంకో ఈవెంట్ మీద ఆధారపడి ఉందని క్యాలెండర్‌కు చెప్పే దారి లేదు. వారం వారం తిరిగొచ్చే పనికైతే "ఇది ఒక్కటే, ఇక్కడి నుంచి అన్నీ, మొత్తం" అని మూడు రకాలుగా మార్చుకోవచ్చు. ఈ 20, 45, 90 లెక్కకు అది కుదరదు.

మేం కనుక్కున్న దారి ఇది. షీట్‌లో ఒక గడిలో గింజ పెట్టిన తేదీ రాస్తాం, మిగతా తేదీలు ఫార్ములాతో వాటంతట అవే వస్తాయి. దాన్ని సీఎస్‌వీ ఫైల్‌గా (షీట్‌లోని గడులను సాదా అక్షరాల్లో దాచే ఫైల్) చేసి కంప్యూటర్‌లో క్యాలెండర్‌లోకి ఇంపోర్ట్ కొడతాం. అదే ఫైల్ రెండోసారి ఇంపోర్ట్ చేస్తే ప్రతి విజిట్ రెండేసి సార్లు కనపడుతుంది, కాబట్టి రైతు గింజ పెట్టానని ఫోన్ చేసేదాకా ఇంపోర్ట్ జోలికి పోము. సీజన్‌కు ఒక కొత్త క్యాలెండర్ తీస్తాం: వానకాలం ఒకటి, యాసంగి ఒకటి. సీజన్ అయిపోగానే దాన్ని టిక్ తీసి దాచేస్తే తెర శుభ్రంగా ఉంటుంది, పాత లెక్క మాత్రం పోదు.

పండుగల క్యాలెండర్ మనమే చేత్తో నింపుకోవాలి. మేడారం జాతర రెండేళ్ళకోసారి వస్తుంది కదా అని రెండేళ్ళ రిపీట్ పెడితే సరిపోదు. మాఘ పున్నమిని బట్టి వస్తుంది కాబట్టి 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా. ఆ నాలుగు రోజులే కాదు, ముందు వారం నుంచే ములుగు, తాడ్వాయి రోడ్డు మీద పని పెట్టుకోవద్దు. రైతులు కూడా ఇళ్ళల్లో ఉండరు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ సాయంత్రం మీటింగులు పెట్టం. ఆడవాళ్ళు బతుకమ్మకు పోవాలి, పత్తి ఏరేది వాళ్ళే, వాళ్ళు లేని మీటింగ్‌కు అర్థం లేదు. జాతరలూ పండుగలూ ముందే ఎక్కించి ఉంటే హైదరాబాద్ నుంచి టూర్ ప్లాన్ వచ్చినప్పుడు స్క్రీన్‌షాట్ ఒక్కటి పంపితే చాలు, వాదన ఉండదు.

నోటిఫికేషన్లు జాగ్రత్తగా చూసుకోవాలి. షేర్ చేసిన క్యాలెండర్‌కు నేను పెట్టిన అలారం నాకే మోగుతుంది, వాళ్ళ ఫోన్‌లో మోగదు. ఎవరి ఫోన్‌లో వాళ్ళే పెట్టుకోవాలి. టీమ్‌లో కొత్త మనిషి చేరితే ఆ ఫోన్ పక్కన కూర్చొని నేనే సెట్ చేయిస్తాను: ముందు రోజు సాయంత్రం ఒకటి, పొద్దుగాల ఒకటి. ఒకప్పుడు ఎస్ఎమ్ఎస్ కూడా వచ్చేది, 2019 జనవరిలో గూగుల్ దాన్ని ఆపేసింది. ఏటూరునాగారం, మంగపేట వైపు సిగ్నల్ దొరకని ఊళ్ళలో తిరిగేవాళ్ళకు అది ఉంటే ఎంతో మేలయ్యేది. అయితే ఫోన్‌లోకి ఒకసారి వచ్చిన ఈవెంట్లు నెట్ లేకున్నా కనిపిస్తాయి. హన్మకొండ దాటకముందే యాప్ తెరిచి చూసుకొమ్మని చెబుతాను.

మేనేజర్లకు ఒక మాట మనసు పెట్టి చెప్పాలి. టీమ్ వాళ్ళ ఇంటి పనులుండే సొంత క్యాలెండర్ వివరాలు అడగొద్దు. ఖాళీనా, బిజీనా అంతవరకు చాలు. మా టీమ్‌లో ఒకరి నాన్నకు వారానికి రెండు సార్లు డయాలసిస్. ఆ రెండు పూటలు "బిజీ" అని మాత్రమే పెడతాడు. కారణం తను చెప్పుకున్నాడు కాబట్టి తెలుసు, చెప్పకపోయినా ఆ గడి మీద పని వేసేవాణ్ణి కాదు. "సార్, మంగళవారం జర ఇబ్బంది" అని ప్రతి వారం ఆయన నోరు తెరిచి అడగాల్సిన పని లేకుండా పోయింది. ఈ టూల్ మా టీమ్‌కు చేసిన అన్నిటికన్నా పెద్ద మేలు ఇదేనని నా లెక్క.

లోటు ఎక్కడంటే, ఈవెంట్‌కు "అయిపోయింది" అని టిక్ కొట్టే వీలు లేదు. టాస్క్‌లకు టిక్ ఉంది కానీ అవి షేర్ చేసిన క్యాలెండర్‌లో నలుగురికీ కనపడవు. అందుకే విజిట్ అయ్యాక పేరు ముందు "అయి" అని రాసి, డిస్క్రిప్షన్‌లో రెండు ముక్కలు పెట్టమంటాను. చాలామంది పెడతారు, కలెక్షన్ల ఒత్తిడి ఉన్న నెలలో మానేస్తారు. నెలాఖరు రిపోర్ట్ కూడా దీంట్లోంచి రాదు. ఎక్స్‌పోర్ట్ చేస్తే ఐసీఎస్ ఫైల్ (క్యాలెండర్ యాప్‌ల కోసం ఉండేది) వస్తుంది, ఎక్సెల్ రాదు. ఎవరు ఎన్ని విజిట్లు చేశారో పైవాళ్ళకు లెక్క చూపాలంటే ఇంకో షీట్ నడపాల్సిందే.

పది మంది లోపు టీమ్, ఊళ్ళ మీద పని, డబ్బు పెట్టే ఆలోచన లేదు అంటే నిశ్చింతగా పెట్టుకోండి. మొదలుపెట్టేది సీజన్ మధ్యలో కాకుండా ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి, అందరూ కాస్త ఖాళీగా ఉంటారు. స్మార్ట్‌ఫోన్ పెద్దగా వాడని గోదాం ఇన్‌చార్జ్ లాంటివాళ్ళు ఉంటే నెల పేజీని కంప్యూటర్ నుంచి ప్రింట్ తీసి గోడకు అంటించండి. మా గోదాంలో లోడింగ్ ప్లాన్ అంతా ఆ కాగితం చూసే జరుగుతుంది.