ఫిలడెల్ఫియా నుంచి బర్క్‌షైర్స్ దాకా: చిన్న కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చూసొచ్చాం

మా అమ్మాయి పన్నెండో తరగతికి వచ్చేసరికి ఇంట్లో రెండు జాబితాలు తయారయ్యాయి. నా జాబితాలో అన్నీ పెద్ద యూనివర్సిటీలు. తన జాబితాలో అన్నీ రెండు వేల మందికి అటూ ఇటూగా విద్యార్థులుండే లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు, అంటే సైన్సూ సాహిత్యమూ కలిపి చదివించే చిన్న డిగ్రీ కాలేజీలు. చదవాలనుకున్నది మాత్రం కంప్యూటర్ సైన్సే. "వెళ్లి చూడకుండా ఎలా కాదంటావు నాన్నా?" అంది. న్యాయమే కదా అని అక్టోబర్‌లో కారు తీశాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. అక్టోబర్ మధ్యలో చాలా కాలేజీలకు ఫాల్ బ్రేక్ (కొద్ది రోజుల సెలవులు) ఉంటుంది. అప్పుడు వెళితే భవనాలు, రంగులు మారిన చెట్లు కనిపిస్తాయి గానీ క్లాసులు జరగవు. టూర్, ఇన్ఫర్మేషన్ సెషన్ ఎలాగూ అందరికీ దొరుకుతాయి. క్లాసులో కూర్చోవచ్చేమో అడ్మిషన్స్ ఆఫీసుకు ముందే మెయిల్ రాసి కనుక్కోండి. నా లెక్కలో ఒక్క క్లాసు చూస్తే నాలుగు టూర్లు చూసినంత.

మొదటి మజిలీ స్వార్త్‌మోర్. 1864లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు పెట్టిన కాలేజీ. ఫిలడెల్ఫియా నుంచి సెప్టా లోకల్ రైలెక్కితే అరగంటలోపే క్యాంపస్ అంచున దించుతుంది, కాబట్టి ఇక్కడికి కారు లేకపోయినా ఇబ్బంది లేదు. స్టేషన్ దగ్గరే ఉన్న ఇన్ ఎట్ స్వార్త్‌మోర్‌లో దిగాం. నలభై గదుల చిన్న హోటల్, శుభ్రంగా ఉంది. కాకపోతే రేటు మాత్రం చిన్నది కాదు. పొద్దున్నే నడుచుకుంటూ సెషన్‌కు వెళ్లిపోవచ్చు, పార్కింగ్ వెతుక్కునే గొడవ లేదు. క్యాంపస్ మొత్తం ఒక అర్బొరేటమ్ (రకరకాల చెట్లు పెంచే తోట) కాబట్టి ప్రతి చెట్టుకూ పేరు రాసిన బిళ్ల ఉంటుంది. మా ఆవిడ అక్కడే ఆగిపోయింది.

మేము వచ్చింది కోర్సుల కోసం. ఇక్కడ ఆరంభం సీఎస్ 21తో, పైథాన్ భాషలో. తర్వాత రెండు కోర్సులు ఏ వరుసలోనైనా తీసుకోవచ్చు. సీఎస్ 31లో సీ భాష, అసెంబ్లీ పట్టుకుని మెషీన్ లోపలికి దిగుతారు. సీఎస్ 35లో సీ ప్లస్ ప్లస్‌తో డేటా స్ట్రక్చర్లు, ఆల్గారిథమ్స్ చేస్తారు. ఆపైన థియరీ, సిస్టమ్స్, అప్లికేషన్స్ అని మూడు గ్రూపులున్నాయి. మేజర్ (ప్రధాన సబ్జెక్టు) చేసేవాళ్లు ఒక్కో గ్రూపు నుంచి కనీసం ఒకటి చదవాలి. సీఎస్ 31 కోసం ఇక్కడి ప్రొఫెసర్లు ఇద్దరు, వెస్ట్ పాయింట్ ప్రొఫెసర్ ఒకరు కలిసి రాసిన పాఠ్యపుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ముందే తిరగేసి వెళ్లడం బాగా పనికొచ్చింది. ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నాకే క్యాషింగ్ (తరచూ వాడే డేటాను ప్రాసెసర్‌కు దగ్గరగా ఉంచుకోవడం) చాప్టర్ దగ్గర కాస్త ఆగి చదవాల్సి వచ్చింది.

నన్ను నిజంగా కదిలించింది ల్యాబ్. ఇవి అండర్‌గ్రాడ్యుయేట్ కాలేజీలు. పెద్ద యూనివర్సిటీల్లోలా ల్యాబులు నడపడానికి పీహెచ్‌డీ విద్యార్థులు ఉండరు, పాఠం చెప్పిన ప్రొఫెసరే వచ్చి పక్కన నిలబడతారు. సాయంత్రాలు సాయం చేయడానికి సీనియర్ విద్యార్థులుంటారు, వాళ్లను అక్కడ 'నింజాలు' అంటారు. మరో మంచి పద్ధతి ఏమిటంటే మొదటి సెమిస్టర్ లెటర్ గ్రేడ్లు (ఏ, బీ, సీ లాంటివి) ట్రాన్స్‌క్రిప్టుకు, అంటే మార్కుల పత్రానికి, ఎక్కవు. హైస్కూల్లో కోడింగ్ ముట్టుకోని పిల్లలకు దీనివల్ల ఎంత టెన్షన్ తగ్గుతుందో చెప్పక్కర్లేదు. చివర్లో ఆనర్స్ ప్రోగ్రామ్ తీసుకున్నవాళ్లను బయటి కాలేజీల నుంచి వచ్చిన ఎగ్జామినర్లు పరీక్షిస్తారు. 1922 నుంచీ ఇదే పద్ధతి.

ఫిలడెల్ఫియా దగ్గరే ఉన్న హావర్‌ఫర్డ్, బ్రిన్ మార్ కాలేజీలు రెండింటినీ కలిపి చూడటమే సరైన పద్ధతి. మధ్య దూరం మైలు పైచిలుకు, బ్లూ బస్ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ చేరినవాళ్లు అక్కడ కోర్సులు తీసుకోవచ్చు, మేజర్ కూడా చేసుకోవచ్చు. చిన్న డిపార్ట్‌మెంట్లకు ఇది పెద్ద బలం, ఎందుకంటే ఒకచోట ఈ ఏడాది లేని ఎలెక్టివ్ (ఇష్టాన్ని బట్టి ఎంచుకునే కోర్సు) రెండోచోట దొరకొచ్చు. స్వార్త్‌మోర్‌తో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది గానీ అక్కడికి వ్యాన్‌లో వెళ్లిరావాలి. రానూపోనూ ప్రయాణం కలిపితే ఒక్క కోర్సుకు సగం పూట పోతుంది. కాగితం మీద అందంగా కనిపించే ఇలాంటి ఏర్పాట్లను టైమ్‌టేబుల్ పక్కన పెట్టి చూసుకోవాలి.

హావర్‌ఫర్డ్‌లో పరీక్షలకు కాపలా ఉండదు. ఆనర్ కోడ్ (నిజాయితీగా ఉంటామన్న ఒప్పందం) కింద విద్యార్థులే సమయం ఎంచుకుని రాసుకుంటారు. మనం చదివిన చదువులు, హాల్లో స్క్వాడ్ తిరిగే రోజులు గుర్తున్నవాళ్లకు నమ్మడం కష్టం. ఇంకో సంగతి, అమెరికాలో వర్సిటీ స్థాయి, అంటే కాలేజీ తరఫున అధికారికంగా ఆడే, క్రికెట్ టీమ్ ఉన్నది ఇక్కడ ఒక్కచోటే. కోర్సులకు దీనికీ సంబంధం లేదు, కానీ నేను ఈ కాలేజీకి వేసిన మార్కులు రెండు పెరిగాయి.

ఉత్తరానికి వెళ్తూ న్యూయార్క్ రాష్ట్రంలోని పొకీప్సీలో వాసర్ కాలేజీ దగ్గర కాసేపు ఆగాం. గ్రేస్ హాపర్ చదివిందీ, తర్వాత గణితం చెప్పిందీ ఇక్కడే. మొదటి కంపైలర్లలో (మనం రాసిన ప్రోగ్రామ్‌ను మెషీన్ భాషలోకి మార్చేవి) ఒకటి రాసిన మనిషి ఇలాంటి చిన్న కాలేజీ నుంచే వచ్చిందని మా అమ్మాయి కారు దిగే లోపే నాకు వినిపించింది. సెషన్‌కు టైమ్ కుదరలేదు కాబట్టి దీని గురించి తీర్పు చెప్పను.

తర్వాతి మజిలీ మసాచుసెట్స్‌లోని యామ్హర్స్ట్ కాలేజీ. అక్కడ బస విషయంలో దెబ్బ తగిలింది. ఆకుల రంగులు చూడటానికి జనం ఎగబడే కాలం కావడంతో క్యాంపస్ పక్కనున్న హోటల్లో గది దొరకలేదు. హైవే మీద ఒక మోటెల్‌లో దిగితే హీటర్ రాత్రంతా గుర్రుమంది, వైఫై రిసెప్షన్ దాటి రాలేదు. ఆ గదికి మామూలు రోజుల్లో ఎంతో గానీ, ఆ వారాంతంలో పెట్టిన రేటుకు సిటీలో మంచి హోటలే వచ్చేది. అక్టోబర్‌లో వెళ్లేవాళ్లు వేసవిలోనే బుక్ చేసుకోండి, వీలైతే వారం మధ్యలో వెళ్లండి.

కాలేజీలో మాత్రం బలమైన ఆకర్షణ ఉంది. మొదటి ఏడాది సెమినార్ ఒక్కటి తప్ప అందరూ తప్పనిసరిగా చదవాల్సిన కోర్సు లేదు, మిగతా అంతా మేజరూ, మన ఇష్టమూ. డిపార్ట్‌మెంట్ చిన్నదే. కానీ ఫైవ్ కాలేజ్ కన్సార్షియం అనే ఐదు విద్యాసంస్థల కూటమి వల్ల స్మిత్, మౌంట్ హోల్యోక్, హ్యాంప్‌షైర్, యూమాస్ యామ్హర్స్ట్‌లో కూడా కోర్సులు తీసుకోవచ్చు. యూమాస్ అదే ఊళ్లో ఉంది, బస్సులో నిమిషాల ప్రయాణం. రీఇన్ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌కు (మెషీన్ తన తప్పొప్పుల నుంచి నేర్చుకునే ఏఐ పద్ధతి) పునాదులు వేసినందుకు రిచర్డ్ సటన్‌తో కలిసి కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు 2024కు అందుకున్న ఆండ్రూ బార్టో పనిచేసింది అక్కడే. చిన్న కాలేజీలో ఉంటూ పెద్ద రీసెర్చ్ యూనివర్సిటీ కోర్సుల జాబితా అందుబాటులో ఉండటమన్నది నేను చూసిన వాటిలో ఇక్కడే బాగా కుదిరింది.

అక్కడి నుంచి రూట్ 2 మీద బర్క్‌షైర్స్ కొండలెక్కి విలియమ్స్ కాలేజీకి. నార్త్ యాడమ్స్‌కు ముందు హెయిర్‌పిన్ మలుపు ఉంది, కారులో వెనక కూర్చున్నవాళ్లు ఫోన్ చూడకపోవడం మంచిది. ఊరు చిన్నది, విమానాశ్రయం అంటే ఆల్బనీయే, గంట దూరం. చలికాలంలో పిల్లల్ని దింపి తీసుకురావడం తల్లిదండ్రులకు పనే. కంప్యూటర్ సైన్స్ విభాగం ఉన్న భవనం పేరు థాంప్సన్ కెమిస్ట్రీ ల్యాబ్, వెతుక్కునేటప్పుడు కంగారు పడకండి.

విలియమ్స్ ప్రత్యేకత ట్యుటోరియల్. ఇద్దరు విద్యార్థులు, ఒక ప్రొఫెసర్, వారానికోసారి కూర్చుంటారు. ఒకరు రాసుకొచ్చింది చదివితే రెండోవాళ్లు తప్పులు పట్టాలి, మరుసటి వారం పాత్రలు మారతాయి. చదవకుండా వెళ్లి చివరి బెంచీలో దాక్కోవడానికి అక్కడ చివరి బెంచీయే ఉండదు. జనవరి నెలంతా వింటర్ స్టడీ, అప్పుడు ఒకే ఒక్క కోర్సు. నాకు బాగా నచ్చిన కాలేజీ ఇదే. మా అమ్మాయికి మాత్రం ఊరు మరీ ఒంటరిగా అనిపించింది.

ఇక లోటు సంగతి. ఒక కాలేజీ ల్యాబ్‌లో పరిచయమైన తెలుగు కుర్రాడు మొహమాటం లేకుండా చెప్పాడు: "కేటలాగ్‌లో ఉన్నవన్నీ ప్రతి ఏడాదీ ఉండవంకుల్. నేను కంపైలర్స్ కోసం రెండేళ్లు ఆగాను, సీట్లు కూడా తక్కువే." చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి ఎలెక్టివ్‌లు ఏడాది విడిచి ఏడాది వస్తుంటాయి, ఒకరు సబాటికల్‌కు (పరిశోధన కోసం తీసుకునే సుదీర్ఘ సెలవు) వెళితే ఒక సబ్జెక్టే ఆగొచ్చు. కాబట్టి కేటలాగ్ కాదు, గత నాలుగు సెమిస్టర్ల షెడ్యూళ్లు తీసి చూడండి, వెబ్‌సైట్లలో దొరుకుతాయి. ఏఐలోనో సెక్యూరిటీలోనో వరుసగా నాలుగైదు కోర్సులు కావాలనుకునే పిల్లలకు పెద్ద యూనివర్సిటీయే మేలు.

ఇండియా నుంచి పంపాలనుకునేవాళ్లు అడిగేది ఈ కాలేజీలు కంప్యూటర్ సైన్స్‌కు కూడా ఇచ్చే బీఏ డిగ్రీ గురించి. ఓపీటీకి (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి) స్టెమ్ పొడిగింపు, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం చదివినవాళ్లకిచ్చే అదనపు గడువు, వచ్చేది చదివిన సబ్జెక్టు కోడ్‌ను బట్టి, బీఏనా బీఎస్సా అన్నదాన్ని బట్టి కాదు. కంప్యూటర్ సైన్స్ బీఏకి కూడా 12 నెలల మీద మరో 24 నెలలు వస్తాయి. ఖర్చు ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతుంది. అయితే యామ్హర్స్ట్ విదేశీ విద్యార్థులకు కూడా డబ్బు స్థితి చూడకుండానే సీటిస్తుంది. సీటిచ్చినవాళ్లకు యామ్హర్స్ట్, విలియమ్స్ రెండూ అవసరమైనంత సాయం చేస్తాయి. విలియమ్స్‌లో ఆ సాయం 2022 నుంచి మొత్తం తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటే, లోన్ కలపరు.

మా ఇంట్లో ఇప్పుడు స్వార్త్‌మోర్‌కు ఎర్లీ డెసిషన్ (ఒక్క కాలేజీకే ముందస్తుగా కట్టుబడి వేసే దరఖాస్తు) వేయాలా అన్న చర్చ నడుస్తోంది. సీటొస్తే చేరి తీరాలి కాబట్టి, ముందు కాలేజీ వెబ్‌సైట్‌లోని నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో (సాయం పోగా మనం కట్టాల్సింది అంచనా వేసేది) మా లెక్కలు వేసి చూస్తున్నాం.