ఫ్రైడే హార్బర్‌లో డాక్ కింద తోట

ఫ్రైడే హార్బర్ అంటే అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని శాన్ జువాన్ ద్వీపం మీదున్న రేవు ఊరు. ముందు గది సంగతి. "హార్బర్ కనిపిస్తుంది" అని చూపించి రాత్రికి 312 డాలర్లు, శుభ్రం చేసినందుకని ఇంకో 85 తీసుకున్నారు. కర్టెన్ తీస్తే పక్క భవనం గోడ! అడిగితే "ఫొటోలో ఉన్నది పై అంతస్తు గది" అన్నారు. వేడినీళ్లు రెండు నిమిషాలకే ఆగిపోయాయి. మా ఆయన మాట్లాడటం మానేశారు. కాకినాడ నుంచి అంత దూరం వచ్చిన నాన్నని ఇలాంటి గదిలో పెట్టానే అని నాకు ఏడుపొచ్చింది. మీరు వెళితే ఏ అంతస్తో ముందే రాయించుకోండి.

అనాకోర్టిస్ అనే ఊరి నుంచి ఈ ద్వీపానికి ఓడ ప్రయాణం మాత్రం హాయిగా సాగింది. 18 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలకి టికెట్ లేదు, తిరుగు ప్రయాణానికి ఎవరికీ లేదు.

"నీళ్ల దగ్గరికి పోదాం పదమ్మా" అని నాన్నే లేచారు. ఓడ దిగే చోటు పక్కనే పడవలు కట్టే డాక్ ఉంది, నడవడానికి పైసా అక్కర్లేదు. ఆయన అంచున బోర్లా పడుకుని తొంగి చూసి, "అమ్మాయ్, ఇటు రా!" అని కేకేశారు.

చెక్కల కింద తోట వేలాడుతోంది. కాలీఫ్లవర్‌లా విచ్చుకున్న తెల్లటి ఎనిమోన్లు, అంటే పువ్వుల్లా కనిపించే సముద్ర జీవులు. ఆల్చిప్పల గుత్తుల మీద ఊదా, నారింజ రంగు నక్షత్ర చేపలు. గొట్టాల్లోంచి ఎర్రటి విసనకర్రలు చాపిన పురుగులు. నా చేతి నీడ పడగానే ఆ పురుగులన్నీ చటుక్కున లోపలికి ముడుచుకున్నాయి.

"మన రేవు స్తంభాలకి పైన గుల్లలు ఆటుకి ఎండిపోతాయి కదా, ఇవి ఎండవేం?" అన్నారు నాన్న. ఇది తేలే డాక్. పోటుకి లేచి ఆటుకి దిగుతుంది కాబట్టి దాని అడుగు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది. మామూలుగా మునిగి చూడాల్సినవి చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉన్నాయి. పక్కనున్న స్తంభం మీద మాత్రం నాన్న చెప్పినట్టే పైన గుల్లలు ఎండి ఉన్నాయి.

ఇరవై నాలుగు దాకా చేతులుండే సన్‌ఫ్లవర్ నక్షత్ర చేప కోసం అరగంట వెతికాను. 2013లో మొదలైన రోగానికి వాటిలో 90 శాతం పైగా కరిగిపోయాయి. కారణం విబ్రియో పెక్టెనిసిడా అనే బాక్టీరియా అని 2025లో గానీ తేలలేదు. ఒక్కటీ కనబడలేదు.

పిల్లలకి లైఫ్ జాకెట్ వేయండి, దేన్నీ పీకనివ్వకండి.

రాత్రి పదింటికి మా ఆయన టార్చి పట్టుకుని వచ్చారు. వెలుగులోకి సన్నటి రొయ్యలు మూగాయి. ఆయన కూడా నాన్న పక్కనే బోర్లా పడుకుని, "మామయ్యా, అదిగో ఆ మూల చూడండి" అన్నారు. మధ్యాహ్నం తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.